పేరు చెప్పొచ్చు, సంతకం ఇవ్వకూడదు

జెద్దాలోని అల్ అజీజియాలో ఉర్దూ, హిందీ, మలయాళం, తెలుగు ఒకే వీధిలో వినిపిస్తాయి. మక్కాలోనూ ఇదే పేరుతో ఒక పేట ఉంది. హజ్ కమిటీ మన యాత్రికులను ఎక్కువగా దించేది అక్కడే. రియాద్ దక్షిణాన మరొకటి ఉంది. ఏ అజీజియాలో ఉన్నా, సౌదీలో పనిచేసే మనవాళ్లలో చాలామందికి ఏదో ఒక రోజు ఒక ఫోన్ వస్తుంది. అవతలి గొంతు హిందీలోనో ఉర్దూలోనో మాట్లాడుతుంది. బ్యాంకు నుంచి అంటుంది, లేదంటే కేంద్ర బ్యాంకు ‘సామా’ నుంచి, అదీ కాకపోతే పాస్‌పోర్టుల శాఖ జవాజాత్ నుంచి. “మీ అకామా అప్‌డేట్ కాలేదు, ఏటీఎం కార్డు బ్లాక్ అయింది” అంటుంది. పేరు సరిగ్గానే పలుకుతుంది. అకామా (నివాస అనుమతి కార్డు) నంబరు కూడా అంకె తప్పకుండా చదివి వినిపిస్తుంది.

ఇలా మోసపోయినవాళ్ల గురించి ఊళ్లో మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా రెండు కారణాలు చెప్పేస్తాం: ఆశ, అమాయకత్వం. లాటరీ తగిలిందని వచ్చే ఫోన్ల విషయంలో ఆశ కొంత నిజం కావచ్చు. ఈ అకామా ఫోను మాత్రం భయం మీద నడుస్తుంది, ఆ భయానికి గట్టి ఆధారం ఉంది. సౌదీలో అకామా గడువు దాటినా, కొత్త గడువు బ్యాంకు రికార్డులో ఎక్కకపోయినా ఖాతా నిజంగానే స్తంభిస్తుంది. 2013 నుంచి విడతలవారీగా అమలైన వేతన రక్షణ విధానం వల్ల జీతం బ్యాంకు ద్వారానే రావాలి. అంటే ఖాతా ఆగితే జీతం ఆగుతుంది, జీతం ఆగితే జగిత్యాలలోనో కడపలోనో ఇంటి వాయిదా ఆగుతుంది. దొంగ చెప్పే మాటలో సగం నిజం కావడమే వాడి బలం. అందుకే మోసపోయినవాణ్ని తెలివితక్కువవాడు అనడం నాకు సమ్మతం కాదు. నిజమైన వ్యవస్థ నుంచి వచ్చే నిజమైన భయాన్ని ఎవడో వాడుకున్నాడు, అంతే.

జాగ్రత్తలు చెప్పేవాళ్లు కూడా ఒక పొరపాటు చేస్తున్నారు. “మీ వివరాలు ఎవరికీ చెప్పొద్దు” అంటారు. ఇది ఆచరణకు లొంగని సలహా. సౌదీలో అకామా నంబరు చెప్పకుండా ఒక్క పని కూడా జరగదు. సిమ్ కార్డుకు, గది అద్దెకు, ఆస్పత్రికి, కార్గో బుకింగుకు, డబ్బు పంపే కౌంటరులో, అన్నిచోట్లా అదే అడుగుతారు, జిరాక్సు కూడా తీసుకుంటారు. రెండుతో మొదలయ్యే ఆ పది అంకెల నంబరు ఎన్ని చేతుల్లో ఉందో మనకే తెలియదు. ‘ఎస్ఏ’తో మొదలయ్యే ఇరవై నాలుగు అక్షరాల బ్యాంకు ఖాతా నంబరు, ఐబాన్ కూడా ఇవ్వక తప్పదు. ఇవ్వకపోతే ఎవరూ మనకు డబ్బు వేయలేరు. ‘ఏదీ చెప్పొద్దు’ అని విన్న మనిషి రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు కాబట్టి, చెప్పకూడనిది ఏదో అతనికి విడిగా గుర్తుండదు.

కాబట్టి గీత గీయాల్సిన చోటు వేరు. కొన్ని వివరాలు మనిషి పేరులాంటివి, కొన్ని సంతకంలాంటివి. అకామా నంబరు, ఫోన్ నంబరు, ఐబాన్, పుట్టిన తేదీ పేరు కిందికి వస్తాయి. అవి నలుగురికీ తెలిసినంత మాత్రాన ఖాతా ఖాళీ కాదు. ఓటీపీ, కార్డు పిన్, కార్డు వెనక ఉండే మూడంకెలు, గుర్తింపు యాప్ నఫాత్‌లో నొక్కే ఆమోదం, వేలిముద్ర, ఇవి సంతకాలు. ఎవరికైనా నా పేరు తెలిస్తే నాకు వచ్చే నష్టం కొంచెమే. ఖాళీ కాగితం మీద నా సంతకం దొరికితే దాని పైన ఏం రాసుకుంటారో నా చేతిలో ఉండదు. ఫోన్ చేసినవాడు మన అకామా నంబరు చదివి వినిపించాడంటే వాడికి మన పేరు తెలుసని మాత్రమే అర్థం. వాడు బ్యాంకువాడని దానితో రుజువు కాదు. సంతకం ఇంకా వాడి దగ్గర లేదు కాబట్టే ఫోన్ చేశాడు.

ఇక్కడ నఫాత్ గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. సౌదీలో ఇప్పుడు గుర్తింపుకు సంబంధించిన పనులు చాలావరకు ఈ యాప్ ద్వారానే జరుగుతున్నాయి. ప్రభుత్వ సేవల వేదిక అబ్షర్ తెరవాలన్నా, బ్యాంకు యాప్ కొత్త ఫోనులో పెట్టుకోవాలన్నా, ఇంకా ఎన్నో సేవలకూ ఇదే తాళం. పనిచేసే తీరు ఇది: మీరు ఏదైనా సైటులో అకామా నంబరు కొడతారు. ఆ సైటు మీ ముందు రెండంకెల సంఖ్య ఒకటి చూపిస్తుంది. అదే సమయంలో మీ నఫాత్ యాప్‌లో కొన్ని సంఖ్యలు కనిపిస్తాయి. వాటిలో సైటు చూపిన సంఖ్యను ఎంచుకోవాలి, తర్వాత ముఖం చూపించాలి. లోపలికి వెళ్లాలనుకున్న మనిషి, ఫోను పట్టుకున్న మనిషి ఒక్కరేనా అని తేల్చుకోవడం కోసం ఈ ఏర్పాటు. మంచి ఏర్పాటే. దొంగ దీన్ని పగలగొట్టడు. తన కంప్యూటరులో మీ అకామా నంబరు కొడతాడు, తన తెర మీద వచ్చిన సంఖ్యను ఫోనులో మీకు చెబుతాడు: “మీకు 37 కనిపిస్తోంది కదా, దాన్ని నొక్కండి, అకామా అప్‌డేట్ అయిపోతుంది.”

మీరు నొక్కుతారు, ముఖం కూడా చూపిస్తారు. ఆ క్షణం నుంచి అతను మీరే. మీ బ్యాంకు యాప్ అతని ఫోనులో తెరుచుకుంటుంది. డబ్బు పంపాల్సిన కొత్త ఖాతా చేరుతుంది. కొన్నిసార్లు మీ పేరు మీద అప్పుకు దరఖాస్తు కూడా పడుతుంది.

దీని నుంచి కాపాడే ప్రశ్న ఒక్కటే ఉంది, గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ నేర్పాల్సింది కూడా అదే: ఆ సంఖ్య నాకు ఎక్కడ కనిపించింది? నేను తెరిచిన సైటులో, నా కళ్ల ముందు కనిపిస్తే సరే. ఇంకొకరు నోటితో చెప్పినా, మెసేజీలో పంపినా, అది ఇంకొకరి తెర మీద పుట్టిన సంఖ్య. అంటే తలుపు దగ్గర నిలబడింది వాళ్లు, తెరుస్తోంది నేను. బ్యాంకు ఉద్యోగి అయినా, మన కంపెనీ తరఫున కాగితాల పనులు చూసే మందూబ్ అయినా, పక్క మంచం మనిషి అయినా ఇందులో తేడా లేదు. మందూబ్‌ల సంగతి కావాలనే చెబుతున్నాను. చాలా క్యాంపుల్లో కార్మికుల నఫాత్, అబ్షర్ పాస్‌వర్డులు సహాయం పేరుతో ఇంకొకరి చేతిలో ఉంటాయి. ఆ ఇంకొకరు మంచివాళ్లే కావచ్చు. కానీ వాళ్లు నోట్‌బుక్కులో రాసిపెట్టుకున్న ఇరవైమంది పాస్‌వర్డులు తర్వాత ఎవరి కంట పడతాయో ఆ మంచితనం చెప్పలేదు.

ఓటీపీ మెసేజీ విషయంలోనూ ఒక లోతైన ఇబ్బంది ఉంది. ఆ మెసేజీలో అంకెలతో పాటు అవి దేనికో కూడా రాసి ఉంటుంది: కొత్త లబ్ధిదారును చేర్చడానికి, ఇంత మొత్తం బదిలీకి, ఫలానా దుకాణంలో కొనుగోలుకు అని. అరబీ, ఇంగ్లిషు రెండూ చదవలేని మనిషికి ఆ వాక్యం కనబడదు, అంకెలు మాత్రమే కనబడతాయి. హెచ్చరిక చేతిలోనే ఉంది, చదవడం రాకపోవడం వల్ల అందలేదు. ఉర్దూ చదవడం వచ్చిన మన హైదరాబాదీలకు అరబీ లిపిలో మాటలు కూడబలుక్కోవడం కష్టం కాదు. వాళ్లు గదిలో మిగతావాళ్లకు ఐదు మాటలు గుర్తుపట్టడం నేర్పగలరు: రమ్జ్ అంటే కోడు, తహ్‌వీల్ అంటే బదిలీ, ముస్తఫీద్ అంటే డబ్బు అందుకునేవాడు, మబ్లగ్ అంటే మొత్తం, షిరా అంటే కొనుగోలు. అకామా అప్‌డేట్ చేస్తున్నానన్న మనిషి అడిగిన కోడు పక్కన తహ్‌వీల్ అని ఉంటే, ఫోన్ పెట్టేయడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. ఇంగ్లిషు వచ్చినవాళ్లు బ్యాంకు భాషను ఇంగ్లిషులోకి మార్చుకుంటే ఇదే పని జరుగుతుంది. ఇన్ని లక్షలమంది భారతీయులు జీతం తీసుకునే దేశంలో ఒక్క హెచ్చరిక వాక్యమైనా మన భాషల్లో రావాలని బ్యాంకులను అడగడం అత్యాశ కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ సంతకాలన్నీ వచ్చి వాలేది సిమ్ మీద. సౌదీలో 2016 నుంచి సిమ్ తీసుకోవాలంటే వేలిముద్ర తప్పనిసరి. ఆ నిబంధన మంచిదే కానీ, వేలిముద్ర ఎన్నిసార్లు పడింది, ఎన్ని సిమ్‌లకు పడింది అన్నది దుకాణం మిషను ముందు నిలబడ్డ మనిషికి తెలియదు. “పడలేదు, మళ్లీ పెట్టు” అంటే పెడతాడు. మీ పేరు మీద మీకు తెలియని నంబరు నడుస్తుంటే, దానితో జరిగే నేరానికి పోలీసులు మొదట వెతికేది మిమ్మల్నే. తన అకామా మీద ఏయే నంబర్లు ఉన్నాయో చూసుకోవడానికి అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ‘అర్కామీ’ అనే సేవ పెట్టింది. మన దేశంలో ఇలాంటిదే టాఫ్‌కాప్. దాన్ని 2021 ఏప్రిల్‌లో మొదట మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే.

వేలిముద్ర దొంగతనం ఎంత సులువో తెలుసుకోవడానికి జెద్దా దాకా వెళ్లక్కర్లేదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌లు అమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి పత్రాల నుంచి వేలిముద్రలు దించుకుని, రబ్బరు ముద్రలు తయారు చేసి, ఆధార్ ద్వారా వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అమ్మకాల లక్ష్యం చేరడం కోసం చేసిన పని అది. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఇంకో మెట్టు పైకెక్కింది. ఆంధ్రప్రదేశ్ భూమి పత్రాల్లోని ముద్రలతో ఆధార్ ఆధారిత చెల్లింపుల మిషన్ల ద్వారా నేరుగా ఖాతాల నుంచి డబ్బు తీసింది. ఆధార్ ద్వారా డబ్బు తీసేటప్పుడు ఓటీపీ రాదు, వేలు చాలు. గల్ఫ్‌లో ఉన్న మనిషి ఊళ్లో పొలం కొన్నాడంటే అతని ముద్ర ఆ పత్రంలో ఉండే ఉంటుంది. కాబట్టి ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తేలికైన, అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురైన పని. సెలవుకు వచ్చినప్పుడు అవసరమైతే కాసేపు తెరుచుకోవచ్చు.

అయితే ఆ లాక్ వేయడానికీ ఇండియా నంబరుకు ఓటీపీ రావాలి. ఆ నంబరు ఉందా? గల్ఫ్ కార్మికుడి సగం గుర్తింపు సౌదీ సిమ్‌లో ఉంటే, మిగతా సగం ఎక్కడో పెట్టె అడుగున పడి ఉన్న పాత ఇండియా సిమ్‌లో ఉంటుంది. మన దగ్గర ప్రీపెయిడ్ నంబరు తొంభై రోజులపాటు అసలు వాడకపోతే రద్దు చేయవచ్చు. రద్దయ్యాక మరో తొంభై రోజులు ఆగి దాన్ని ఇంకొకరికి ఇస్తారని మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. రెండేళ్లకోసారి ఊరికి వచ్చే మనిషి నంబరు ఈలోగా ఏ ఊళ్లో ఎవరి జేబులో మోగుతోందో ఊహించుకోండి. కొత్తగా తీసుకున్న ఆ మనిషి దొంగ కానక్కర్లేదు. కానీ మీ బ్యాంకు పంపే ప్రతి కోడూ అతనికి వెళుతుంది. చిన్న రీఛార్జితో నంబరును బతికించుకోవడం ఒక దారి. ఖాతాను ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓగా మార్చుకుని సౌదీ నంబరునే జోడించడం ఇంకా మంచి దారి. 2023 జనవరిలో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ పది దేశాల నంబర్లతో ఆ ఖాతాలకు యూపీఐ వాడుకోవచ్చని చెప్పినప్పుడు ఆ పదింటిలో సౌదీ కూడా ఉంది.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను బాధపెట్టే విషయం. ఖాతా అద్దెకివ్వడం. “నీ కార్డు కొన్నాళ్లు ఇవ్వు, నెలకు ఇంత ఇస్తా” అనో, “నా వాలెట్ పరిమితి దాటింది, నీ ఖాతాలోకి కొంచెం డబ్బు వస్తుంది, ఇంటికి పంపించు” అనో ఎవరైనా అడిగితే అది సాయంలా కనిపిస్తుంది. మోసంలో కొట్టేసిన డబ్బుకు నేరుగా దొంగ పేరున్న ఖాతాలోకి వెళ్లే ధైర్యం ఉండదు. మధ్యలో నిజమైన అకామా, నిజమైన జీతం, నిజమైన ముఖం ఉన్న ఖాతాలు కావాలి. పోలీసులు డబ్బు జాడ పట్టుకుని వస్తే మొదట దొరికేది ఆ ముఖమే. సౌదీలో 2007 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం ఇలాంటి మోసానికి మూడేళ్ల వరకు జైలు, 20 లక్షల రియాళ్ల వరకు జరిమానా. 2021లో వచ్చిన ఆర్థిక మోసాల చట్టంలో ఏడేళ్ల వరకు జైలు, 50 లక్షల రియాళ్ల వరకు జరిమానా. నాకేం తెలియదు అన్న మాట అరబీలో, అనువాదకుడి సాయంతో, ఖాతా నీదే కదా అన్న ప్రశ్నకు ఎదురుగా చెప్పుకోవాలి. కేసు తేలేదాకా ఊరు వెళ్లడం కుదరదు. మోసపోయినవాడికి డబ్బు పోతుంది. ఖాతా ఇచ్చినవాడికి సంవత్సరాలు పోతాయి.

డబ్బు పోయాక ఏం చేయాలన్నది నిజానికి డబ్బు పోతున్నప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న. సౌదీలో 2021 నుంచి ‘సరీ’ అనే తక్షణ చెల్లింపు వ్యవస్థ నడుస్తోంది. ఒక్కో బదిలీలో 20,000 రియాళ్ల వరకు ఏ వేళలోనైనా క్షణాల్లో ఇంకో బ్యాంకుకు చేరుతుంది. నెలాఖరున ఇంటికి డబ్బు పంపేటప్పుడు వరమైన ఆ వేగమే దొంగకూ వరం. మోసాలు పెరిగినప్పుడు, 2022 ఏప్రిల్‌లో, సామా వ్యక్తుల రోజువారీ బదిలీ పరిమితిని 60,000 రియాళ్లకు దించి, ఆన్‌లైన్‌లో ఖాతాలు తెరవడాన్ని కొంతకాలం ఆపేసింది. వేగాన్ని తగ్గించడం కూడా రక్షణేనని కేంద్ర బ్యాంకే ఒప్పుకుందన్నమాట. పరిమితులను మనం కూడా దించుకోవచ్చు. నెలకు మూడువేల రియాళ్లు సంపాదించే మనిషి యాప్‌లో రోజువారీ పరిమితి అంతకు పదింతలు ఉండాల్సిన అవసరం లేదు. బ్యాంకు యాప్‌లో దాన్ని తగ్గించుకుంటే, సంతకం పొరపాటున చేజారినా పోయేదానికి ఒక హద్దు ఉంటుంది.

అనుమానం వచ్చిన నిమిషంలో మొదట కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి ఖాతాను ఆపమనాలి. మెసేజీలో వచ్చిన నంబరుకు చేయకూడదు. ఆ తర్వాత ‘కుల్లునా అమ్న్’ యాప్‌లోనో పోలీస్ స్టేషనులోనో ఫిర్యాదు. బ్యాంకు సరిగ్గా పట్టించుకోకపోతే ‘సామా కేర్స్’కు. మోసపు మెసేజీని 330330కి పంపిస్తే ఆ నంబరును ఆపడానికి పనికొస్తుంది. ఇండియా ఖాతా అయితే ఇంట్లోవాళ్లు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఈ వరుస చాలామందికి తెలుసు. తెలిసీ చేయరు, సిగ్గుతో. ఓటీపీ నేనే చెప్పాను, ఇంకేం ఫిర్యాదు చేస్తానని రాత్రంతా ఎవరికీ చెప్పకుండా కూర్చుంటారు. ఆ సిగ్గు ఖరీదు ఏమిటో ఇండియా ఖాతాల గురించి రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు చదివితే తెలుస్తుంది. బ్యాంకు తప్పుంటే ఖాతాదారుకు నష్టం లేదు. ఎవరి తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో లోపం జరిగితే, మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు నష్టం లేదు. ఖాతాదారే కోడు చెప్పేసి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయినది అతనిదే. కానీ ఫిర్యాదు అందిన తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకుదే. అంటే తప్పు చేశానని అనుకుంటున్న మనిషికే అందరికంటే ముందు ఫోన్ చేయాల్సిన అవసరం ఉంది.

వీటిలో కొన్ని పనులు కార్మికుడు ఒంటరిగా చేయలేడు. కంపెనీలు కొత్తవాళ్లకు హెల్మెట్ ఇచ్చే రోజునే నఫాత్ ఎలా వాడాలో చేతిలో ఫోను పెట్టి చూపించవచ్చు. తెలుగు సంఘాలు ఉగాదికీ ఈద్‌కీ పెట్టే సమావేశాల్లో ఒక అరగంట దీనికివ్వవచ్చు. ఊళ్లో భార్యకూ తల్లిదండ్రులకూ కూడా చెప్పాలి. “మీవాణ్ని అక్కడ పోలీసులు పట్టుకున్నారు, విడిపించాలంటే వెంటనే డబ్బు వేయండి” అనే ఫోన్ వచ్చేది వాళ్లకు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి, అబ్బాయికి, లేదా అతని గదిలో ఇంకొకరికి ఫోన్ చేయాలని ముందే అనుకుని ఉంచాలి. గదిలో ఆ ఇంకొకరి నంబరు ఇంట్లో ఎంతమంది దగ్గర ఉంది?

పూర్తిగా తిరిగి వచ్చేసేవాళ్ల సంగతి ఒకటి మిగిలింది. ఖురూజ్ (ఫైనల్ ఎగ్జిట్) పడ్డాక చివరి వారమంతా అట్టపెట్టెలు కట్టడంతో, అప్పులు తీర్చడంతో గడిచిపోతుంది. సిమ్‌ను గదిలో ఎవరికో ఇచ్చేస్తారు, ఖాతాలో యాభై రియాళ్లు ఉన్నాయని అలాగే వదిలేస్తారు. ఆ నంబరు, ఆ ఖాతా మీ పేరు మీదే ఉంటాయి. విమానం ఎక్కకముందే బ్యాంకుకు వెళ్లి ఖాతా మూయించి ఆ కాగితం తీసుకోవాలి, సిమ్ రద్దు చేయించాలి, ఫోనులో నఫాత్, బ్యాంకు యాప్‌లు తీసేయాలి. చివరి జీతం, సర్వీసు డబ్బులు పడేదాకా ఖాతా ఉండక తప్పదు కాబట్టి, అవి ఏ తేదీకి పడతాయో కంపెనీని అడిగి టికెట్ దాని తర్వాత వేయించుకోవాలి.